వ్యాధి నిరోధక జన్యువులు: పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ ఒక అధ్యయనం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• వ్యాధి నిరోధక వ్యవస్థలో న్యూట్రోఫిల్ కణాల పనిని, ఆ పనికి ఒక జన్యువు ఎలా అవసరమో వివరించగలుగుతారు.
• ఫ్లోరైడ్ వల్ల వచ్చే దంతవ్యాధికి, జన్యులోపం వల్ల వచ్చే చిగుళ్ల వ్యాధికి తేడా గుర్తించగలుగుతారు.
• అంతర్గత వ్యాధులు కుటుంబాల్లో ఎలా కనిపిస్తాయో, మేనరికంలో వాటి అవకాశం ఎంత పెరుగుతుందో లెక్కించగలుగుతారు.
• ఇటువంటి కుటుంబానికి ఏ సలహా ఇవ్వాలో, ఏ మాట అనకూడదో చెప్పగలుగుతారు.

1. పరిచయం

రామన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో పళ్ల జబ్బు మాట ఎత్తితే మొదట వినిపించే సమాధానం "ఫ్లోరైడ్ నీళ్లు". అలా అనుకోవడానికి తగిన కారణం ఉంది. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరే వరకు రామన్నపేట నల్లగొండ జిల్లాలోనే ఉండేది. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంగా నల్లగొండ పేరు దేశమంతటికీ తెలుసు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ "నల్లగొండ టెక్నిక్" అని ఈ జిల్లా పేరే పెట్టింది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

ఒక ప్రాంతంలో ఒక కారణం అంత బలంగా నాటుకుపోతే, వేరే కారణంతో వచ్చిన జబ్బు కూడా దాని కిందికే చేరిపోయే ప్రమాదం ఉంది. నాలుగేళ్ల పిల్లకు పాలపళ్లు ఒకటొకటిగా కదిలి ఊడిపోతున్నాయనుకోండి. కొందరు "నీళ్ల వల్లనే" అంటారు. కొందరు "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే" అంటారు. మరికొందరు "కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం పట్టించుకోలేదు" అంటారు. అదే పిల్ల అరచేతులు, అరికాళ్లు ఎందుకు మందంగా ఉన్నాయో చాలామంది అడగరు. ఆ ప్రశ్న అడగడం ఎందుకు ముఖ్యమో, దానికి జన్యుశాస్త్రం ఇచ్చే సమాధానం ఏమిటో ఈ భాగంలో తెలుసుకుంటారు.

2. రెండు దంతవ్యాధులు – తేడా

పన్ను చిగురు లోపల తయారవుతున్న దశలోనే ఫ్లోరైడ్ దాని పైపూతను, అంటే ఎనామిల్‌ను దెబ్బతీస్తుంది. అందువల్ల పన్ను బయటికి వచ్చేటప్పటికే దానిమీద సుద్దలాంటి తెల్లని చారలో, పసుపు లేదా గోధుమరంగు మచ్చలో ఉంటాయి. కుడివైపు పన్నుకు ఉన్న మచ్చ ఎడమవైపు జతపన్నుకూ ఉంటుంది. ఒకే బోరు నీళ్లు తాగిన పిల్లల్లో చాలామందికి ఈ గుర్తులు కనిపిస్తాయి. కానీ మచ్చలున్నా పన్ను దవడలో గట్టిగానే నిలిచి ఉంటుంది.

మనం అధ్యయనం చేయబోయే వ్యాధిలో పరిస్థితి దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పన్ను తెల్లగా, ఆరోగ్యంగానే వస్తుంది. దెబ్బతినేది పన్ను కాదు, దానిని పట్టి ఉంచే చిగురు, దవడ ఎముక. చిగుళ్లు ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం కారి, చీము పట్టి, లోపలి ఎముక కరిగిపోతుంది. ఆధారం లేక పన్ను కదిలి ఊడిపోతుంది. ఒకే ఇంట్లో, ఒకే కుండ నీళ్లు తాగిన ముగ్గురు పిల్లల్లో ఒక్కరికే ఇలా కావచ్చు.

ఇంట్లోనే చూడదగిన గుర్తు ఒకటి ఉంది. సహజంగా ఊడే పాలపన్నుకు వేరు దాదాపు ఉండదు, ఎందుకంటే కింది నుంచి పెరిగే శాశ్వత దంతం ఒత్తిడికి ఆ వేరు కరిగిపోతుంది. ఇది సాధారణంగా ఆరేళ్ల ప్రాయంలో మొదలవుతుంది. ఈ వ్యాధిలో మూడు నాలుగేళ్లకే పొడవాటి వేరుతో సహా పన్ను ఊడివస్తుంది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరే అలవాటు మన ఇళ్లలో ఉంది. విసిరే ముందు ఒక్కసారి దాని వేరు చూడండి. వేరు పూర్తిగా ఉంటే ఆ పన్నును వెంటబెట్టుకుని దంతవైద్యుని దగ్గరికి వెళ్లాలి.

3. వ్యాధి లక్షణాలు

ఈ వ్యాధిని పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ అంటారు. ఇది చాలా అరుదైనది. పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురి వరకు దీని బారిన పడతారని అంచనా. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తుంది.

మొదటి లక్షణం చర్మం మీద కనిపిస్తుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు మధ్య అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మందంగా, గరుకుగా మారి పొలుసులు లేస్తాయి. మోచేతులు, మోకాళ్ల మీద కూడా ఇటువంటి పట్టీలు రావచ్చు. చలికాలంలో పగుళ్లు లోతుగా పడి నడవడమే కష్టమవుతుంది. పొలం పని చేసే పెద్దల చేతులు కాయలు కాయడం మామూలే. కానీ రెండేళ్ల పిల్ల ఏ పని చేసిందని అరచెయ్యి కాయ కాస్తుంది?

రెండవ లక్షణం నోటిలో కనిపిస్తుంది. పాలపళ్లు సకాలంలోనే వస్తాయి. వచ్చిన కొద్ది కాలానికే చిగుళ్ల వాపు మొదలై, నాలుగైదేళ్లకు చాలా పళ్లు ఊడిపోతాయి. పళ్లన్నీ పోయాక చిగుళ్లు వాటంతట అవే మానిపోతాయి. ఇంట్లోవారు జబ్బు నయమైందని ఊరట చెందుతారు. ఆరేళ్లకు శాశ్వత దంతాలు రావడంతో కథ మళ్లీ మొదలవుతుంది. తగిన చికిత్స లేకపోతే 13 నుంచి 16 ఏళ్ల మధ్య అవి కూడా పోతాయి. పదో తరగతి చదివే పిల్ల ముసలివారిలా బోసినోటితో మిగులుతుంది. తిండి నమలలేదు, మాట స్పష్టంగా రాదు, నలుగురిలో నవ్వలేదు.

దాదాపు నాలుగోవంతు మందిలో ఇతర అంటువ్యాధులు కూడా తరచుగా వస్తాయి. చర్మం మీద సెగ్గడ్డలు పదేపదే లేస్తాయి. కొందరిలో కాలేయంలో చీముగడ్డలు ఏర్పడిన సందర్భాలూ వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. చర్మం, చిగుళ్లు, కాలేయం వేర్వేరు అవయవాలు. వీటన్నిటికీ కారణం ఒకటే అయితే, దానిని వ్యాధి నిరోధక వ్యవస్థలో వెతకాలి.

4. న్యూట్రోఫిల్ కణం – ఒక జన్యువు చేసే పని

మన రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్. శరీరంలో ఎక్కడ బ్యాక్టీరియా చొరబడినా మొదట అక్కడికి చేరేవి ఇవే. ప్రతి న్యూట్రోఫిల్ లోపల చిన్న చిన్న కణికలు ఉంటాయి. వాటిలో న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్, కాథెప్సిన్ జి, ప్రోటినేజ్ 3 అనే ప్రోటీన్లను కోసే ఎంజైములు నిల్వ ఉంటాయి. బ్యాక్టీరియాను చంపడంలోనే కాక, పని ముగిసిన తరువాత వాపును అదుపులోకి తేవడంలో కూడా ఇవి పాల్గొంటాయి.

ప్రోటీన్లను కోసే ఎంజైము తయారైన క్షణం నుంచే చురుకుగా ఉంటే తనను తయారు చేసిన కణాన్నే కోసేస్తుంది. అందువల్ల ఈ ఎంజైములు నిద్రాణ స్థితిలో తయారవుతాయి. వాటి ముందు చివర రెండు అమైనో ఆమ్లాలు అదనంగా ఉంటాయి. కత్తికి ఒర లాంటివి అవి. కత్తి ఎంత పదునైనదైనా ఒర తీయనిదే కోయదు. ఆ రెండు అమైనో ఆమ్లాలను తొలగించే ఎంజైము పేరు కాథెప్సిన్ సి. దీనినే డైపెప్టిడైల్ పెప్టిడేజ్ 1 అని కూడా అంటారు.

కాథెప్సిన్ సి తయారీకి సూచనలు ఉన్న జన్యువు సిటిఎస్‌సి. ఇది 11వ క్రోమోజోము పొడవాటి భుజం మీద ఉంది. ఏడు ఎక్సాన్‌లు గల ఈ జన్యువు 463 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ను నిర్దేశిస్తుంది. ఇందులో ఇప్పటివరకు 70కి పైగా వేర్వేరు ఉత్పరివర్తనాలు గుర్తించారు. రెండు జన్యు ప్రతులూ చెడిపోతే కాథెప్సిన్ సి పని దాదాపు శూన్యమవుతుంది. ఒర తీసే చెయ్యి లేక న్యూట్రోఫిల్ కత్తులన్నీ ఒరలోనే ఉండిపోతాయి.

ఇక్కడ విద్యార్థులు గ్రహించవలసిన ముఖ్యమైన విషయం ఉంది. ఈ పిల్లలకు మామూలు రక్తపరీక్ష చేస్తే తెల్లకణాల సంఖ్య సరిగానే ఉంటుంది. సంఖ్య చూసి "నిరోధక శక్తి బాగానే ఉంది" అనుకుంటే పొరపాటు. వ్యాధి నిరోధక శక్తి అనేది ఎక్కువో తక్కువో ఉండే ఒకే ఒక బలం కాదు. అది ఒకదాని వెంట ఒకటి జరగవలసిన అనేక చర్యల వరస. ఆ వరసలో ఒక్క మెట్టు తప్పితే, మిగతా అన్నీ ఉన్నా ఒక ప్రత్యేకమైన చోట రక్షణ దెబ్బతింటుంది.

మరి చిగుళ్లే ఎందుకు? పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చే చోటు శరీరంలో ప్రత్యేకమైనది. అక్కడ పన్నుకూ చిగురుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. అందులో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. వాటికి కాపలాగా న్యూట్రోఫిల్స్ రాత్రింబగళ్లు చిగురులోంచి ఆ సందులోకి వస్తూనే ఉంటాయి. ప్రోటినేజ్ 3 చురుకుగా ఉంటే అది మరో ప్రోటీన్‌ను కోసి ఎల్ఎల్-37 అనే సూక్ష్మజీవినాశక పెప్టైడ్‌ను విడుదల చేస్తుంది. ఈ రోగుల్లో ఆ పెప్టైడ్ కొరవడుతుంది. అగ్రిగేటిబాక్టర్ ఆక్టినోమైసెటెంకోమిటాన్స్ వంటి బ్యాక్టీరియా అక్కడ స్థిరపడతాయి. వాటిని తుదముట్టించలేని న్యూట్రోఫిల్స్ మరిన్ని వచ్చి చేరుతాయి. వాపు తగ్గదు, దాని దెబ్బకు ఎముక కరుగుతుంది. పళ్లు లేకపోతే ఆ సందు కూడా ఉండదు. పళ్లు ఊడాక చిగుళ్లు మానిపోవడానికి కారణం ఇదే. చర్మం విషయానికి వస్తే, సిటిఎస్‌సి జన్యువు అరచేతులు, అరికాళ్లు, మోకాళ్లు, గట్టి చిగురు ప్రాంతాల పైపొరల్లో ఎక్కువగా పనిచేస్తుంది. మందం కనిపించే చోట్లు కూడా ఇవే.

చిగుళ్లను చిన్నతనంలోనే దెబ్బతీసే వ్యాధి నిరోధక జన్యువులు ఇంకా ఉన్నాయి. ఐటిజిబి2 జన్యువు చెడితే న్యూట్రోఫిల్స్ రక్తనాళం గోడను పట్టుకుని బయటికి రాలేవు. అటువంటి శిశువుకు బొడ్డుతాడు రాలడమే ఆలస్యమవుతుంది. ఎలానె జన్యువులో కొన్ని ఉత్పరివర్తనాల వల్ల న్యూట్రోఫిల్స్ సంఖ్యే బాగా పడిపోతుంది. ఒక వ్యాధిలో సైనికులు లేరు, ఇంకొక దానిలో సైనికులు కోట దాటి రాలేరు, మనం చదువుతున్న దానిలో సైనికులు వచ్చారు గాని కత్తి దూయలేరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) ఫ్లోరోసిస్ వచ్చిన పన్ను, ఈ వ్యాధిలో ఊడిన పన్ను – రెండింటికీ మధ్య రెండు తేడాలు రాయండి.
ఆ) తెల్లకణాల సంఖ్య సరిగా ఉన్నా రక్షణ ఎందుకు లోపించవచ్చు?

5. కారణాన్ని కనుగొన్న తీరు

1924లో పాపియాన్, లెఫెవ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఒక అన్నను, చెల్లెలిని పరీక్షించి ఈ వ్యాధిని మొదటిసారి వర్ణించారు. ఆ పిల్లల తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. ఆరోగ్యవంతులైన తల్లిదండ్రులకు ఒకే రకమైన జబ్బుతో ఇద్దరు పిల్లలు పుట్టడం, పైగా ఆ తల్లిదండ్రులు రక్తసంబంధీకులు కావడం అంతర్గత వంశపారంపర్యానికి ఆనవాలు.

దీనికి మన దక్షిణ భారతంతో సంబంధం ఉన్న అధ్యాయం 1965లో మొదలయింది. కేరళలోని కొచ్చిన్ నుంచి ఇజ్రాయెల్‌కు వలసవెళ్లిన యూదు కుటుంబాల్లో ఇటువంటి వ్యాధిని హైమ్, మంక్ అనే వైద్యులు గుర్తించారు. అరచేతుల మందం, చిగుళ్ల వ్యాధితో పాటు వీరికి సన్నని పొడవాటి వేళ్లు, వంకర తిరిగిన మందపు గోళ్లు, చదునైన పాదాలు కూడా ఉన్నాయి. అందువల్ల దీనిని వేరే వ్యాధిగా భావించి హైమ్-మంక్ సిండ్రోమ్ అన్నారు. కొచ్చిన్ యూదులు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న చిన్న సమూహం.

1999లో ఇంగ్లండ్, అమెరికాల్లోని పరిశోధక బృందాలు విడివిడిగా పాపియాన్-లెఫెవ్ర్ వ్యాధికి సిటిఎస్‌సి జన్యు ఉత్పరివర్తనాలే కారణమని ప్రకటించాయి. రక్తసంబంధ వివాహాలు జరిగిన కుటుంబాలే ఈ వెతుకులాటకు దారి చూపాయి. అటువంటి కుటుంబంలోని రోగికి వ్యాధి జన్యువూ, దాని చుట్టూ ఉన్న క్రోమోజోము ముక్కా రెండు వైపుల నుంచి ఒకే పూర్వీకుని నుంచి వస్తాయి. రోగులందరిలోనూ రెండు ప్రతులూ ఒకేలా ఉన్న ముక్క ఎక్కడుందో వెతికితే జన్యువు చిరునామా దొరుకుతుంది. 2000లో కొచ్చిన్ యూదు కుటుంబాల జన్యువును చదివినప్పుడు అక్కడ కూడా సిటిఎస్‌సిలోనే, ఆరవ ఎక్సాన్‌లో మార్పు కనిపించింది. వేర్వేరు పేర్లు పెట్టిన రెండు వ్యాధులూ ఒకే జన్యువు చెడిపోవడం వల్ల వచ్చినవే.

6. వంశపారంపర్యం – ఒక లెక్క

సిటిఎస్‌సి జన్యువు లింగ క్రోమోజోము మీద కాక ఆటోసోమ్ మీద ఉంది. వ్యాధి అంతర్గతమైనది. అంటే తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవి అందితేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే చెడి ఉన్నవారు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. వారిని వాహకులు అంటాం. వాహకులైన దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకంగా మాత్రమే ఉండే అవకాశం 50 శాతం, రెండు ప్రతులూ మంచివి అందే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికీ రాదు" అనుకోకూడదు. ప్రతి కాన్పుకూ లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఇప్పుడు రామన్నపేటలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు మేనబావ, మేనమరదలు. భర్తకు అమ్మమ్మ అయిన ఆమే భార్యకు నానమ్మ. ఆ పెద్దావిడలో చెడిన ప్రతి ఒకటి ఉంటే, అది కూతురి ద్వారా ఈ భర్తకూ, కొడుకు ద్వారా ఈ భార్యకూ చేరవచ్చు. అలా రెండు దారుల్లో దిగివచ్చిన ఒకే ప్రతి వీరి బిడ్డలో కలుసుకునే అవకాశాన్ని అంతఃప్రజనన గుణకం అంటారు. మేనబావ మరదళ్ల సంతానానికి ఇది 1/16. మేనమామ, అక్క కూతురు దంపతుల సంతానానికి 1/8.

వ్యాధి పది లక్షల్లో ఒకరికి వస్తుందనుకుంటే, చెడిన జన్యువు పౌనఃపున్యం 0.001. వాహకులు దాదాపు 500 మందిలో ఒకరు. దీని ఆధారంగా:

• బంధుత్వం లేని దంపతుల సంతానంలో: పది లక్షలకు 1.
• మేనబావ మరదళ్ల సంతానంలో: 0.000001 + (1/16 × 0.001 × 0.999), అంటే పది లక్షలకు సుమారు 63.
• మేనమామ, అక్క కూతురు దంపతుల సంతానంలో: అదే పద్ధతిలో 1/8 తీసుకుంటే పది లక్షలకు సుమారు 126.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. అవకాశం 63 రెట్లు, 126 రెట్లు పెరిగిన మాట నిజం. అయినా మేనరికపు పిల్లల్లో పది లక్షలకు తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల మందికి పైగా ఈ వ్యాధి ఉండదు. "మేనరికం చేసుకుంటే పిల్లలు రోగులే" అనేది అతిశయోక్తి. అయితే అంతర్గత వ్యాధులు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కొక్కదాని చిన్న పెరుగుదల కలిసి లెక్కించదగినంత అవుతుంది.

కానీ కుటుంబంలో వ్యాధి ఇప్పటికే బయటపడి ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. వ్యాధి ఉన్న యువకుడు తన ఆరోగ్యవంతురాలైన అక్క కూతురిని పెళ్లి చేసుకుంటాడనుకుందాం. అక్కకు వ్యాధి లేదని తెలుసు కనుక ఆమె వాహకురాలయ్యే అవకాశం 2/3. ఆమె కూతురికి ఆ ప్రతి అందే అవకాశం అందులో సగం, 1/3. తండ్రి నుంచి బిడ్డకు చెడిన ప్రతి తప్పక అందుతుంది. తల్లి వాహకురాలైతే ఆమె నుంచి అందే అవకాశం 1/2. మొత్తం 1/6. అదే యువకుడు బంధుత్వం లేని అమ్మాయిని చేసుకుంటే ఆమె వాహకురాలయ్యే అవకాశం 1/500, బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 1/1000. ఆరుగురిలో ఒకరికీ, వెయ్యిమందిలో ఒకరికీ ఉన్న తేడా ఇది. "పళ్లు లేని మా వాడికి బయటివాళ్లు పిల్లనెవరిస్తారు, అక్క కూతురే ఉంది కదా" అని పెద్దలు నిర్ణయించే ముందు ఈ లెక్క వారికి తెలియాలి.

"మా ఇంట్లో మేనరికం లేదు" అన్నంత మాత్రాన పూర్తి భరోసా కూడా లేదు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులతో కలిసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించింది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యు సమాచారాన్ని పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించినవని తేలింది. కులంలోనే పెళ్లి చేసుకుంటూ వస్తే, బంధుత్వం గుర్తులేని ఇద్దరికి కూడా ఒకే పూర్వీకుని జన్యువు ఉండవచ్చు. ఆంధ్ర ప్రాంతానికి చెందిన వైశ్య సమూహాన్ని ఆ అధ్యయనం ఉదాహరణగా చూపింది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ మందును శరీరం విచ్ఛిన్నం చేయలేని అంతర్గత లోపం ఈ సమూహంలో ఎక్కువగా కనిపిస్తుంది. సంగతి ముందే తెలిస్తే మత్తు వైద్యుడు వేరే మందు వాడతాడు. జన్యు సమాచారం నింద కోసం కాదు, జాగ్రత్త కోసం అనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

7. నిర్ధారణ, చికిత్స, సలహా

అరచేతుల మందం, వయసుకు ముందే కదిలే పళ్లు – ఈ రెండూ ఒకే బిడ్డలో ఉంటే చర్మవైద్యుడు, దంతవైద్యుడు ఇద్దరూ కలిసి చూడాలి. చర్మానికి ఒకచోట, పళ్లకు ఇంకొకచోట విడివిడిగా చూపిస్తే అసలు జబ్బు ఎవరి కంటా పడకపోవచ్చు. దవడ ఎక్స్‌రేలో ఎముక కరిగిన తీరు తెలుస్తుంది. సిటిఎస్‌సి జన్యు పరీక్షతో నిర్ధారణ పూర్తవుతుంది. మూత్రంలో కాథెప్సిన్ సి చురుకుదనాన్ని కొలిచి పసితనంలోనే గుర్తించవచ్చని కూడా పరిశోధకులు చూపారు.

జన్యువును సరిచేసే చికిత్స వైద్యశాలల్లో ఇంకా లేదు. అయినా చేయగలిగింది చాలా ఉంది. క్రమం తప్పకుండా పళ్లు శుభ్రం చేయించడం, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత, వైద్యుడు సూచించిన యాంటీబయాటిక్‌లు వాడడం మొదటి మెట్టు. బాగా కదిలిపోయిన పాలపళ్లను శాశ్వత దంతాలు రాకముందే తీసివేస్తే, కొత్త పళ్లకు బ్యాక్టీరియా తక్కువగా ఉన్న నోరు దొరుకుతుంది. ఎంత చిన్నవయసులో మొదలుపెడితే శాశ్వత దంతాలు నిలిచే అవకాశం అంత ఎక్కువ. పళ్లు పోయిన పిల్లలకు కట్టుడుపళ్లు పెట్టవచ్చు. ఎదుగుదల ఆగిన తరువాత ఇంప్లాంట్లు అమర్చవచ్చు. చర్మానికి యూరియా, శాలిసిలిక్ ఆమ్లం కలిసిన లేపనాలు వాడతారు. తీవ్రమైన సందర్భాల్లో అసిట్రెటిన్ మాత్రలు ఇస్తారు. ఈ మందు గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తుంది. వాడడం ఆపిన తరువాత కూడా మూడేళ్ల వరకు గర్భం ధరించకూడదు. ఎదిగిన ఆడపిల్లకు ఈ మందు రాసినప్పుడు ఈ సంగతి ఆమెకూ, తల్లికీ స్పష్టంగా చెప్పాలి.

రామన్నపేట వంటి చోటు నుంచి జన్యు సలహా కోసం హైదరాబాదు వెళ్లవలసి ఉంటుంది. అక్కడ పంజగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో వైద్య జన్యుశాస్త్ర విభాగం, ఉప్పల్‌లో సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నోస్టిక్స్, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ ఉన్నాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన ప్రత్యేక కేంద్రాల్లో మొదటి రెండు సంస్థలూ ఉన్నాయి.

సలహా ఇచ్చేవారు మరచిపోకూడని మాట ఒకటి ఉంది. ఈ వ్యాధి రావాలంటే తల్లి నుంచి ఎంత వచ్చిందో తండ్రి నుంచీ అంతే రావాలి. గ్రహణానికీ, తిన్న తిండికీ, తాగిన నీటికీ దీనితో సంబంధం లేదు. తల్లి ఒక్కతెనే వేలెత్తి చూపడం అన్యాయమే కాదు, శాస్త్రం ప్రకారం తప్పు కూడా. నిజానికి మనలో ప్రతి ఒక్కరం ఏవో కొన్ని అంతర్గత లోపాలకు వాహకులమే. జత కుదరక అవి బయటపడలేదు, అంతే.

8. అరుదైన వ్యాధి నేర్పిన పాఠం

పది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బును ఇంత వివరంగా ఎందుకు చదవాలని మీకు అనిపించవచ్చు. బ్రాంకియెక్టాసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధిలో న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ అదుపు తప్పి శ్వాసనాళాల గోడలను కోసేస్తుంది. ఇక్కడ సమస్య కత్తి దూయలేకపోవడం కాదు, దూసిన కత్తి ఆగకపోవడం. ఒర తీసే కాథెప్సిన్ సిని కొంతమేరకు అడ్డుకుంటే ఎలాస్టేజ్ తగ్గుతుందన్న ఆలోచనతో తయారైన బ్రెన్సోకాటిబ్ మందుకు 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి లభించింది. దానిని వాడేవారిలో చర్మం మందమవుతోందా, చిగుళ్లు వాస్తున్నాయా అని వైద్యులు గమనిస్తారు. ఎక్కడ చూడాలో వారికి ముందే తెలుసు. అరచేతులు పగిలి, పళ్లు రాలిన పిల్లల నుంచే ఆ సంగతి తెలిసింది.

9. సారాంశం

పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ సిటిఎస్‌సి జన్యువులోని ఉత్పరివర్తనాల వల్ల వచ్చే అంతర్గత వ్యాధి. కాథెప్సిన్ సి లేకపోవడంతో న్యూట్రోఫిల్ ఎంజైములు నిద్రాణంగానే ఉండిపోతాయి. అరచేతులు, అరికాళ్ల మందం, పాలపళ్లనూ శాశ్వత దంతాలనూ ఊడగొట్టే చిగుళ్ల వ్యాధి దీని ముఖ్య లక్షణాలు. ఫ్లోరోసిస్‌లో పన్ను పైపూత చెడుతుంది. ఇందులో పన్ను ఆధారం చెడుతుంది. మేనరికం వ్యాధి అవకాశాన్ని పెంచుతుంది. వ్యాధి బయటపడిన కుటుంబంలో ఆ పెరుగుదల చాలా ఎక్కువ. త్వరగా గుర్తిస్తే పళ్లను కాపాడుకునే వీలుంది. ఫ్లోరైడ్ ప్రాంతంలో పనిచేసే ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు పిల్లల పళ్లు చూసినప్పుడు అరచేతులు కూడా తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. కాథెప్సిన్ సి న్యూట్రోఫిల్ ఎంజైములను ఎలా చురుకుగా మారుస్తుందో వివరించండి.
2. పళ్లు ఊడిన తరువాత చిగుళ్లు మానిపోవడానికి కారణం ఏమిటి?
3. హైమ్-మంక్, పాపియాన్-లెఫెవ్ర్ వ్యాధుల మధ్య సంబంధాన్ని ఎలా నిరూపించారు?
4. ఒక అంతర్గత జన్యువు పౌనఃపున్యం 0.01 అయితే, బంధుత్వం లేని దంపతుల సంతానంలోనూ, మేనబావ మరదళ్ల సంతానంలోనూ వ్యాధి అవకాశాన్ని లెక్కించండి. పౌనఃపున్యం 0.001 ఉన్నప్పటి ఫలితంతో పోల్చి, వ్యాధి ఎంత అరుదైతే మేనరికం ప్రభావం అంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందో చర్చించండి.
5. మీ ఊరిలో ఒక బిడ్డకు ఈ వ్యాధి ఉందని తెలిసింది. అత్తవారు తల్లిని నిందిస్తున్నారు. వారికి అర్థమయ్యే మాటల్లో వంశపారంపర్యాన్ని వివరిస్తూ ఒక పేజీ రాయండి.